ఇంటి చెట్టు కోయించింది నేనే

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో నేను మంచివాడిగా కనిపించే చోటు ఒక్కటీ లేదు. ఎక్కడైనా కనిపిస్తే అది నా రాతలో పొరపాటు, మన్నించండి. ఇరవై రెండేళ్ళ కిందట, ఒక వేసవి మధ్యాహ్నం, పుంగనూరు పక్కన ఒక మామిడి తోటలో, గంటన్నరలో ఒక చెట్టునూ, ఒక పెద్దింటి మాటనూ, ఒక నిఖార్సయిన మనిషి పేరునూ కలిపి నేల మీద కుప్ప పోశాను. అందుకోసం నేను పెద్దగా కష్టపడిందేమీ లేదు. వేలు చూపించానంతే.

ఇప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. కుప్పంలో మందుల అంగడి నడుపుతున్నాను. డాక్టర్ల చేతిరాత చదివి, ఏ మాత్ర అన్నం ముందో ఏది అన్నం తర్వాతో చెబితే జనం నన్ను నమ్మి మింగుతున్నారు. ఇలాంటి నమ్మకస్తుడు ఒకప్పుడు ఎలా ఉండేవాడో మీకు చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగు. బీకాం రెండో దండయాత్రలో పాసయ్యాను. ఉద్యోగం దొరికేలోపు ఇంట్లో పడి తినకుండా మా అమ్మ నన్ను మదనపల్లెకు తోలింది. అక్కడ పండ్ల మండీ నడిపే సుబ్బన్న ఆమెకు వరసకు తమ్ముడు, నాకు మామ. చెట్ల మీద పిందె పడగానే తోటలో పంట మొత్తం గుత్తకు పట్టి, కోతల కాలంలో కూలీల గుంపును దింపి కోయించుకోవడం ఆయన వ్యాపారం.

"నా పనేంటి మామా?" అని అడిగాను.

"ఏం లేదు. కోత జరిగే తోటలో నిలబడు. లారీ నిండిందా లేదా సూసి నాకు ఫోన్ చెయ్యి."

"అంటే సూపర్‌వైజరు."

మామ నన్ను కిందికీ పైకీ చూశాడు. "నిలబడు" అన్నాడు మళ్ళీ.

ఆయన అన్నది నిలబడమని. నాకు అర్థమైంది పాలించమని. మరునాడు నెత్తిన టోపీ, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పుతో కాగితాలు, మెడలో ఒక ఈల తగిలించుకుని తోటలో దిగాను. ఈల ఎందుకని అడక్కండి. కాలేజీలో పరేడు చేయించే మాస్టారు మెడలో చూసినప్పటి నుంచి, అధికారం అనేది మనిషి మెడలో వేలాడుతుందని నాకొక నమ్మకం.

తోట రాజమ్మ గారిది. యాభై ఏళ్ళ మనిషి. భర్త పోయాక నూట యాభై చెట్లనూ ఒంటి చేత్తో సాకింది. ఆమె గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ అవసరం ఆమెకు రాలేదు. గొడుగు వేసుకుని గట్టు మీద కనిపిస్తే చాలు, లారీ డ్రైవర్లు బీడీలు ఆర్పేసేవాళ్ళు.

కోసే గుంపులో ఏడుగురు. ఆరుగురు కూలీలు, వాళ్ళ మేస్త్రీ మునస్వామి. మునస్వామికి నలభై ఉంటాయేమో. కాయలు కోసే గడకర్రకు చొక్కా తొడిగినట్టు ఉండేవాడు. చెట్టు కింద నిలబడి ఒకసారి తల పైకెత్తి చూసి "తొమ్మిది క్రేట్లు" అనేవాడు. తొమ్మిదే అయ్యేవి. నేను అట్ట మీద లెక్కలు వేసి పన్నెండు అనేవాణ్ణి. అప్పుడూ తొమ్మిదే అయ్యేవి. పన్నెండేళ్ళుగా రాజమ్మ గారి తోట అతనే కోస్తున్నాడు. అతని ఊరికి ఈ తోట కూతవేటు దూరం. ఇంటి నుంచి నడిచొచ్చి కోసి, చీకటి పడకముందే నడిచిపోయే ఏకైక మేస్త్రీ అతను. మిగతావాళ్ళు కోతల కాలమంతా పెళ్ళాం బిడ్డల్ని వదిలి తోటల్లోనే పడుకోవాలి.

మొదటిరోజు అన్నం వేళకు ఈల ఊదాను. చెట్ల మీది చిలకలన్నీ లేచిపోయాయి. కూలీలు ఒక్కరూ కదల్లేదు.

"ఈల యాల ఊదినావప్పా, బస్సేమన్నా వచ్చిందా?" అంది చిన్నపాప. గుంపులో అందరికంటే పెద్దది ఆమే. గడకర్ర చివరి కత్తి కన్నా ఆమె నాలుక పదును.

"అన్నం టైమయింది."

"అది మా కడుపు సెప్తాది లే. ఆ ఈల జోబులో పెట్టుకో. ఎండకు కాలితే మూతి బొబ్బలెక్కుతాది."

మూతికి కాదు గానీ, బొబ్బ అదే రోజు చెంపకెక్కింది. మామిడి కాయను తొడిమతో సహా కోసి, తర్వాత తొడిమ విరిచి, సొన కారిపోయేలా బోర్లిస్తారు. ఆ విరిచే చోట నాణ్యత పరీక్షిద్దామని నేను ముఖం దగ్గరగా పెట్టాను. సొన సూటిగా వచ్చి చెంపకు తగిలింది. గంటలో రూపాయి బిళ్ళంత మచ్చ తేలింది. మునస్వామి కొబ్బరినూనె తెచ్చి రాస్తూ, "సొనకాడ మొకం పెట్టాకు సారూ. నువ్వు మండీ మనిసివని కాయకు తెలీదు గదా" అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే నాకు బోధపడాలని చెప్పాడు. అలాంటి మనిషి.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ తోటలో ఉన్న చీమలకు కూడా తెలిసిన సంగతి, నాకు తప్ప. తోటను ఎవరికి గుత్తకిచ్చినా, సొంతదారు ఒక చెట్టును మాత్రం ఇవ్వరు. దాన్ని ఇంటి చెట్టు అంటారు. ఇంట్లో తినడానికీ, బంధువులకు పంపడానికీ. పొరపాటున ఎవరూ కోయకుండా దాని మొదట్లో సున్నంతో ఒక గీత గీస్తారు. గీత ఉంటే తాకకూడదు. మామ నాకిది చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఆయనకు తోచలేదు. మామిడి వ్యాపారంలో ఇది, అన్నం చేత్తో తింటారు అన్నంత మామూలు.

నా ఖర్మ ఏమిటంటే, సున్నం గీత గురించి నాకు ఇంకొక పాఠం చిన్నప్పుడే వచ్చి ఉంది. మాది కుప్పం పక్కన పల్లె. మా నాయన ఏటా చింతతోపులో కొన్ని చెట్లు గుత్తకు పట్టేవాడు. ఎవరి చెట్లు ఎవరివో తెలియడానికి, మేం పట్టిన చెట్లకు సున్నంతో అడ్డంగా గీత గీసేవాళ్ళం. ఆ పని నాదే. గీత ఉంటే మనది, ఎక్కి దులపొచ్చు. గీత లేకపోతే పరాయిది, దూరంగా ఉండాలి. ఏమీ తెలియకుండా వచ్చి ఉంటే ఎవరినైనా అడిగేవాణ్ణి. నేను తెలిసి వచ్చాను.

పదకొండో రోజు పొద్దున మునస్వామి దవడ వాచింది. మూడు రోజులుగా పన్ను సలుపుతోందట, ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దుకు అది బెంగుళూరా మామిడికాయ సైజుకొచ్చి చెవి దగ్గర ఆగింది.

"పుంగనూరికి పోయి పీకించుకోనొస్తా సారూ" అన్నాడు సగం నోటితో. తర్వాత గుంపు వైపు తిరిగి, "పడమటి వరస ముగించండి. ముగిస్తే నీడన కూర్చోండి. తూర్పు వరసలో ఏవి ముదిరినాయో నేనొచ్చి సూపిస్తా" అని చెప్పి బస్సెక్కాడు.

పన్నెండింటికి పడమటి వరస అయిపోయింది. కూలీలు మేస్త్రీ చెప్పినట్టే నీడన కూర్చున్నారు. లారీ మూడింటికి వస్తుంది. నా లెక్క ప్రకారం ఇంకా ఇరవై క్రేట్లు తక్కువ. లారీ ఖాళీగా పోతే మామ ముందు నా పరువేం కాను? టోపీ సర్దుకుని తోటంతా కలియదిరిగాను. బోరు షెడ్డు పక్కన ఒక చెట్టు కనబడింది. కొమ్మలు నేలకు తగిలేంత కాపు. ఒక్క కాయ తెగలేదు. మొదలు చుట్టూ తెల్లగా, మా నాయన చేత్తో గీసినంత చక్కగా, సున్నం గీత.

ఇంతమంది కళ్ళకు ఆనని చెట్టు నా ఒక్కడి కంట పడిందని నా ఛాతీ ఉబ్బిన తీరు మీరు చూసుండాల్సింది. ఈల ఊదాను. ఈసారి చిన్నపాప లేచి వచ్చింది, విసుక్కుంటూ.

"ఈ చెట్టు యాల వదిలేశారు?"

"అది ఇంటి చెట్టప్పా. రాజమ్మది."

"తోటంతా రాజమ్మ గారిదే కదా."

"తోట మీ మామకిచ్చింది. ఇది ఇయ్యలేదు. గీత సూడు."

"గీత చూశాను కాబట్టే అంటున్నా" అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. "గీత ఎందుకు గీస్తారో నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి గీస్తున్నా. గీత ఉంటే గుత్తదారుది."

"యా ఊర్లో?"

"ఎక్కడైనా."

"మేస్త్రీ రానీప్పా. వచ్చినాక అడుగుదాం."

సరిగ్గా అప్పుడు నా బీకాం బుర్రలో ఇంకో దీపం వెలిగింది. మేస్త్రీ కావాలనే ఈ చెట్టును దాచాడు. రేపటికి ఒకరోజు పని మిగుల్చుకోవడానికి, లేదంటే ఇంటివాళ్ళతో లోపాయికారీ ఒప్పందం. పన్ను నొప్పి కూడా నాటకమేనేమో. చెంపకు నూనె రాసిన మనిషి గురించి, పది రోజులు తిరిగేసరికే, ఇంత దూరం ఆలోచించాను.

"మండీ తరఫున ఇక్కడ ఉన్నది నేను. కోయండి."

చిన్నపాప గడకర్ర భుజాన వేసుకుంది. "కోయమంటే కోస్తాం. మాదేం పోయింది. రేపు ఎవురన్నా అడిగితే నువ్వే సెప్పుకోవాల."

"నేనే చెప్పుకుంటా."

ఆ మాట స్పష్టంగా అన్నాను. ఆరుగురు విన్నారు.

గంటన్నరలో చెట్టు బోడి అయింది. అది ఇమాం పసందు. తెలియనివాళ్ళకు చెబుతున్నాను. మామిళ్ళలో అదొక జమీందారు. కాసే ఏళ్ళు తక్కువ, కోపం ఎక్కువ. సరిగ్గా ముదిరాక కోస్తే ఆ పండు ముందు మిగతావన్నీ వంకాయలు. ముదరక ముందు కోస్తే పండదు. ముసలి ముఖంలా ముడతలు పడి అలాగే ఎండిపోతుంది. ఆ చెట్టు ముదరడానికి ఇంకా పదిహేను రోజులుంది.

రాజమ్మ గారు ఆ పదిహేను రోజులనూ ఎందుకు లెక్క పెట్టుకుంటోంది? కొడుక్కి ఆ ఏడే పెళ్ళి చేసింది. కోడలి పుట్టింటివాళ్ళు కోలారు నుంచి మొదటిసారి ఇంటికి రాబోతున్నారు. "మా ఇంటి చెట్టు పండు తిని మాట్లాడండి" అని ఆమె పెళ్ళి పందిట్లోనే వియ్యపురాలితో అనేసిందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. మామిడి గురించి నాకు తెలిసినవన్నీ తర్వాత తెలిసినవే.

కూలీలు చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్ళారు. నేను కుప్ప పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని, ఫొటో తీసేవాడు దొరికితే బాగుండునని చూస్తున్నాను. గట్టు మీద గొడుగు కనిపించింది.

రాజమ్మ గారు వచ్చి చెట్టు చూసింది. కుప్ప చూసింది. వంగి ఒక కాయ తీసుకుని, బొటనవేలితో నొక్కి, మళ్ళీ ఉన్నచోటే పెట్టింది, నిద్రపోయే బిడ్డను దించినట్టు.

"ముదర్లేదే ఇది" అంది మెల్లగా. గొడుగు మడిచింది. ఆ తర్వాత, "ఎవురప్పా కోయమనింది?"

నేను అని చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాను. ఆమె కళ్ళు చూశాను.

"మేస్త్రీ" అన్నాను.

మీరు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. కానివ్వండి. నేను రోజుకొకసారి ఆ పని చేస్తూనే ఉన్నాను.

అన్ని కథల్లో అయితే మేస్త్రీ మరుసటి రోజు వస్తాడు, ఈలోపు తప్పు చేసినవాడు ఊరొదిలి పారిపోతాడు. నా అదృష్టం అంత గొప్పది కాదు. మునస్వామి అప్పుడే బస్సు దిగి గట్టు మీద నడిచొస్తున్నాడు. పన్ను పీకారు. నోటి నిండా దూది. దవడ కింద నుంచి నడినెత్తి మీదకు తువ్వాలు కట్టి ముడేశాడు. బోరు దగ్గర్నుంచి కూలీలు కూడా వచ్చి చేరారు.

"మునస్వామీ, నువ్వేనా నా చెట్టు కోయమనింది?"

అతను కుప్ప వైపు చూశాడు. బోడి చెట్టు వైపు చూశాడు. తర్వాత నా వైపు. నేను అట్ట మీది కాగితం చాలా శ్రద్ధగా చదువుతున్నాను. అది ఖాళీ కాగితం.

చిన్నపాప ముందుకొచ్చి, "అమ్మా, అది కాదు..." అని మొదలుపెట్టింది. మునస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు. రాజమ్మ గారి వైపు తిరిగి తల ఊపాడు. అవునని.

అడ్డంగా కూడా ఊపొచ్చు. దూది రెండింటికీ అడ్డం కాదు. ఇరవై రెండేళ్ళు నన్ను పీడించింది ఆ ఊపే.

"పన్నెండేండ్లు నమ్మినాను గదా నిన్ను" అంది ఆమె. "రేపట్నుంచి నా తోటలో అడుగు పెట్టాకు."

అతను గడకర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. వెనకే ఆరుగురూ వెళ్ళిపోయారు. చిన్నపాప నా పక్కనుంచి పోతూ నా మెడలో ఈల వైపు ఒక చూపు చూసింది.

మూడింటికి లారీ వచ్చింది. డ్రైవరు దిగి చూస్తే నూట యాభై చెట్లు, ఒక టోపీ. "మనుసులు యాడప్పా?" అని అడిగాడు.

సాయంత్రం మామకు ఫోన్ చేశాను.

"ఇంటి చెట్టు కోసినారంట, ఎవురు?"

"మేస్త్రీ మామా."

రెండోసారి చెప్పడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది. మూడోసారి నుంచి నేనే నమ్మడం మొదలుపెట్టాను.

రాజమ్మ గారు ఆ కాయలను పారేయలేదు. ఊరగాయ పెట్టింది. కోలారు వియ్యంకులకు పండ్ల బుట్టకు బదులు జాడీ ఇచ్చి పంపిందట. ఇమాం పసందుతో ఊరగాయ పెట్టడమంటే పట్టుచీర చింపి అలుకుగుడ్డ చేసినట్టు. మునస్వామి గుంపును మామ వేరే తోటలకు పంపాలని చూశాడు. రెండుచోట్ల "ఇంటి చెట్టు కోసినోడు మాకొద్దు" అన్నారట. చివరికి తంబళ్ళపల్లె దాటి ఎక్కడో పని దొరికిందని విన్నాను. ఇంటి నుంచి నడిచొచ్చే మేస్త్రీ ఆ ఏడు నెలన్నర ఇంటి ముఖం చూడలేదు. ఆ వివరం విన్న వారానికే నేను మండీ మానేసి కుప్పం వచ్చేశాను. మామ కూడా ఉండమని బలవంతం చేయలేదు.

ఆ తర్వాత ప్రతి వేసవీ అనుకునేవాణ్ణి, పోయి చెప్పేద్దామని. ఒక ఏడు పెళ్ళి. ఒక ఏడు అంగడి పెట్టాను. ఒక ఏడు వాన. మామిడి కాలంలో వానేమిటని నాకే అనుమానం వచ్చేది, అయినా వానే అనుకునేవాణ్ణి. పోయిన ఎండాకాలం మాత్రం, చెంప మీద ఆ పాత మచ్చ దగ్గర తెల్ల వెంట్రుకలు మొలవడం చూసి, ఇక ఆగితే మనిషి మిగలడనిపించింది. అతనా నేనా అన్నది అనవసరం. అంగడి మా ఆవిడకు అప్పగించి పుంగనూరు బస్సెక్కాను.

మునస్వామి ఎక్కడని అడిగితే ఆటోవాడు ఇంకో మాట లేకుండా ఎక్కించుకుని ఒక తోటలో దింపాడు. నీడన ముప్పై మంది దాకా కూలీలు కూర్చుని ఉన్నారు. తెల్లచొక్కా మనిషి ఒకాయన స్టీలు బిందెలోంచి అందరికీ గ్లాసుల్లో మజ్జిగ పోస్తున్నాడు. ఆయనే ఆ తోట యజమానని తర్వాత తెలిసింది. గుంపు మధ్యలో చాప మీద మునస్వామి. జుట్టు నెరిసింది. గడకర్ర మాత్రం అలాగే ఉంది, చొక్కా లోపల.

గుర్తు పట్టాడు. పక్కకు పిలిచి, బస్సులో నాలుగుసార్లు వల్లె వేసుకున్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. "అన్నా, ఆ రోజు కోయమన్నది నేను. నీ మీదకు తోసేశాను. నీ గుంపు ముందు, రాజమ్మ గారి ముందు, ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను."

అతను కంగారుగా వెనక్కి చూశాడు. "మెల్లగప్పా, మెల్లగ. ఎవురన్నా ఇంటే?"

"వినాలనే కదా వచ్చింది."

"నీకు తెలీదు. ఆ పొద్దు నేను చెట్టు యాల కోసినానో తెలుసా?"

"నువ్వు కోయలేదన్నా. నేను..."

"మజ్జిగకు" అన్నాడు. "ఎండలో కోస్తాండే మనుసులకు ఆయమ్మ గుక్కెడు మజ్జిగ పొయ్యలేదని, కోపంలో ఇంటి చెట్టు దులిపేసినా. మా సిన్నపాప కట్టింది ఈ కత. తంబళ్ళపల్లెలో పని దొరక్క తిరుగుతాంటే ఆడ సెప్పింది. అది ఊరూరూ పాకింది. ఆ పొద్దు నుంచి మా గుంపు యా తోటకు పోయినా, కత్తి పట్టకముందే బిందె వస్తాది. ఆయప్పను సూడు, పదెకరాల ఆసామి, సొంత చేత్తో పోస్తాండాడు. యాల? ఆయప్పకూ ఒక ఇంటి చెట్టుండాది గదా."

"రాజమ్మ గారు రోజూ రెండు పూటలా మజ్జిగ పంపేది కదన్నా. కరివేపాకు వేసి."

"పంపేది" ఒప్పుకున్నాడు. "మంచి మజ్జిగ."

"మరి ఆ రోజు ఎందుకు తల ఊపావు?"

"గుంపు కోస్తే మేస్త్రీ కోసినట్టే. నువ్వు కోయించినావంటే ఆయమ్మ మీ మామ గుత్తే తీసేసుండు. గుత్త పోతే ఆరుమందికీ అప్పటిదాకా కోసిన కూలెక్కడిది?" దవడ తడుముకున్నాడు. "అదీ గాక పన్ను పీకించుకోని వచ్చినా. ఆయమ్మతో వాదన పెట్టుకునే ఓపిక యాడుండాది."

నేను కుదేలయ్యాను. రెండు దశాబ్దాలు మోసిన బరువు దించుకోవడానికి వస్తే, దించడానికి చోటు లేదంటున్నాడు.

ఈలోపు గుంపులోంచి ఒక ఆడమనిషి కేకేసింది. "మేస్త్రీ, ఎవురాయప్ప?"

మునస్వామి నా భుజం మీద చెయ్యి వేసి గుంపు ముందుకు నడిపించాడు. "ఈయప్ప ఆ పొద్దు ఆడనే ఉండినాడు. మండీ మనిసి. కండ్లారా సూసినాడు. నా మాట నమ్మకుంటే ఈయప్పను అడగండి."

ముప్పై జతల కళ్ళు నా మీద వాలాయి. మజ్జిగ పోసే ఆసామి కూడా చెంబు పట్టుకుని ఆగిపోయాడు.

"నిజమేనాప్పా, మజ్జిగ ఇయ్యలేదంటనే ఆయమ్మ?" అంది ఆ ఆడమనిషే.

నేను నిజం చెప్పడానికి వచ్చిన మనిషిని. బస్సు టికెట్టు ఇంకా జేబులోనే ఉంది. మునస్వామి నా వైపు చూడలేదు. చేతిలో గ్లాసు వైపు చూసుకుంటున్నాడు.

"ఇవ్వలేదు" అన్నాను. "చుక్క కూడా."

నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. తాగాను. పుల్లగా, చల్లగా ఉంది.

వారం తిరగకుండా అంగడిలో ఫోన్ మోగింది. ఒక పెద్దామె గొంతు. ఇప్పటికీ ఎత్తదు ఆ గొంతును.

"ఏమప్పా, నేను మజ్జిగ పొయ్యలేదని సాక్ష్యం సెప్పినావంట."

ఇక దాచలేదు. చెట్టు, సున్నం గీత, మా నాయన చింతతోపు, లారీ, మేస్త్రీ పేరు చెప్పడం, మొన్నటి అబద్ధం, అన్నీ వరసగా చెప్పేశాను. మాత్రల కోసం నిలబడినవాళ్ళు కూడా విన్నారు. "అమ్మా, ఆ చెట్టు కోయించింది నేనే" అని ముగించాను.

"మొన్న ఒక అబద్దం సెప్తివి. ఇప్పుడు దానిమీద ఇంకోటి ఎక్కిస్తాండావా?" అంది రాజమ్మ గారు. "నీ మాట ఎవురు నమ్ముతారప్పా. కోయించింది మునస్వామే. నేను అడిగితే తల ఊపినాడు, నా కండ్లతో సూసినా. నువ్వు ఆ పొద్దు ఏందో కాగితం సదువుకుంటా ఉంటివి, పాపం."

పెట్టేసింది.

అందుకే ఈ రాత. రాజమ్మ గారు రోజూ రెండు పూటలా మజ్జిగ పోసింది. మునస్వామి ఆమె చెట్టును తాకలేదు. కోయించింది నేను. రాస్తానని ఫోన్లో చెబితే మునస్వామి "రాసుకోప్పా, నమ్మేదెవురు" అని నవ్వాడు. మీరైనా నమ్మండి. నమ్మకపోయినా, కూర్చున్న చోట ఒకసారి తల ఊపండి.

ఇక మా అంగడిలో ఉన్న మందులన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఏ తప్పు చేసినా, అదే రోజు, పొద్దు గూకకముందే ఒప్పేసుకుంటాను. ఇరవై రెండేళ్ళు దాచిపెడితే తప్పు కూడా చేతులు మారిపోతుంది. ఆ తర్వాత పోయి అది నాదని ఎంత మొత్తుకున్నా, పక్కవాడు బాగా చూసుకుంటున్నాడు, నీకెందుకప్పా అని పంపించేస్తారు.